బ్రాకా రిపోర్టు పాజిటివ్ వచ్చిందా? మనసు కుదుటపడే దాకా ఏం చేయాలి

“క్యాన్సర్ లేదంటున్నారు. రిపోర్టేమో పాజిటివ్ అంటున్నారు. ఇంతకీ నేను పేషెంటునా, కాదా?” బ్రాకా1, బ్రాకా2 అనేవి రెండు జన్యువులు, వాటిలో హాని చేసే మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. దాని వెంటే ఇంకోటి వస్తుంది: “రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఇది మామూలేనా?” ఎంఆర్ఐ ఎప్పుడో, ఆపరేషన్ ఎప్పుడో డాక్టర్లు చెబుతారు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాక ఆ రాత్రి ఎలా గడవాలి, అమ్మకి ఏం చెప్పాలి, సంబంధాలు చూస్తున్న సమయంలో నోరు విప్పాలా వద్దా అన్నవి చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ రాస్తున్నది వాటి గురించే.

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. మీకు ముప్పు ఎక్కువ, జబ్బు లేదు. రెండో ప్రశ్నకు జవాబు: మామూలే. ఫలితం తెలిసిన కొత్తలో ఆందోళన పెరుగుతుందని, నెలలు గడిచేకొద్దీ అది పరీక్షకు ముందున్న స్థాయికి దిగుతుందని, పలు అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణలో తేలింది. కాబట్టి మొదటి వారాల్లో మీరు పాటించాల్సింది ముఖ్యంగా ఒకటే. ఆ భయంలో ఉండగా శరీరం గురించి పెద్ద నిర్ణయం తీసుకోకండి. ఇప్పటికే క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారికి మాత్రం ఇది వర్తించదు. వాళ్ల ఆపరేషన్, మందులు ఈ ఫలితం మీద ఆధారపడి ఉండొచ్చు కాబట్టి డాక్టరు చెప్పిన గడువులోనే తేల్చుకోవాలి.

దగ్గర పెట్టుకోవలసినవి

- రిపోర్టు పూర్తి కాపీ. మొదటి పేజీ ఫొటో ఒక్కటే చాలదు. జన్యువు పేరు, మార్పు పేరు, దాని వర్గం ఉన్న పేజీలన్నీ కావాలి.
- మూడు తరాల వివరాలు: ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో. నాన్న వైపు కూడా రాయండి. ఈ మార్పు తండ్రి నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. “మా అమ్మ వైపు ఎవరికీ లేదు” అనేసి చాలామంది అక్కడే ఆగిపోతారు, మేనత్తల సంగతి గుర్తుకే రాదు.
- జన్యు పరీక్ష ఫలితాలను వివరించి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్‌తోనో, మెడికల్ జెనెటిక్స్ డాక్టరుతోనో ఒక అపాయింట్‌మెంటు. హైదరాబాదు నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. రాలేనివాళ్లు వీడియో కాల్ కుదురుతుందేమో అడగండి. పరీక్ష చేసిన ల్యాబులో కౌన్సెలర్ ఉన్నారేమో కూడా కనుక్కోండి.
- ఒక నోటుబుక్కు.
- ఒక మనిషి. సలహాలు ఇవ్వకుండా వినగలిగిన మనిషి. భర్తే కానక్కర్లేదు, స్నేహితురాలైనా సరే.
- ఫోన్‌లో 14416 నంబరు. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

1. మీ ఫలితం ఏ రకమో ముందు తేల్చుకోండి

రిపోర్టులో “పాథోజెనిక్” (హాని చేసేది) లేదా “లైక్లీ పాథోజెనిక్” (బహుశా హాని చేసేది) అని ఉంటే అది పాజిటివ్. పక్కన “హెటరోజైగస్” అన్న మాట చూసి కంగారు పడేవాళ్లున్నారు. ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలోనే మార్పు ఉందని దాని అర్థం, అంతే.

“వీయూఎస్” అని ఉంటే, ఒక తేడా కనిపించింది గానీ అది హాని చేసేదో కాదో ఇంకా తెలియదని అర్థం. మన జనాభాలో పరీక్షలు తక్కువ జరిగాయి కాబట్టి మనవాళ్ల రిపోర్టుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. తర్వాత వర్గం మారిన వీయూఎస్‌లలో ఎక్కువ శాతం హాని లేనివిగానే తేలాయి. ఒక్క వీయూఎస్‌ను చూసి ఆపరేషన్ చేయించుకోకూడదు. మనసు మాత్రం ఊరుకోదు, తెలియని చోటల్లా చెడునే నింపుకుంటుంది. అందుకని నోటుబుక్కులో “ఇది పాజిటివ్ కాదు” అని రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి ల్యాబుకు మెయిల్ పెట్టి, వర్గం మారిందా అని అడగండి.

నెగటివ్‌లో రెండు రకాలు. ఇంట్లో ఒకరికి ఫలానా మార్పు ఉందని ముందే తెలిసి, అది మీకు లేదని తేలితే అది నిజమైన నెగటివ్. ఆ మార్పు వల్ల వచ్చే అదనపు ముప్పు మీకు లేదు. ఇంట్లో ఎవరికీ మార్పు దొరక్కుండానే మీకు నెగటివ్ వస్తే, తెలిసింది తక్కువ. ఆ ధీమాతో మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) మానేయకండి.

2. మొదటి మూడు రోజులు

ఏడుపొస్తే ఏడవండి. ఏమీ అనిపించకపోయినా తప్పు లేదు, కొందరికి మొద్దుబారినట్టు ఉంటుంది, నాలుగో రోజున బస్సులో ఉండగా కన్నీళ్లు వస్తాయి. వేళకు తినండి. మామూలుగా చేసే పనుల్లో సగం చేయండి. ఆఫీసుకు వెళ్లగలిగితే వెళ్లండి.

రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్‌లో వెతకడం మానేయండి. పగలు ఒక అరగంట పెట్టుకుని, వచ్చిన ప్రశ్నలన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. అర్ధరాత్రి బుర్రలోకి ప్రశ్న వస్తే లేచి అదీ రాసేసి పడుకోండి. నిద్ర మాత్రలు ఎవరో వాడుతున్నవి తీసుకుని మింగొద్దు. వారం దాటినా నిద్ర పట్టకపోతే డాక్టరును అడగండి.

ఇప్పటికే క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు ఈ రిపోర్టు ఇంకో రకంగా తగులుతుంది. “ఒకసారి దాటాను, మళ్లీనా?” అనిపిస్తుంది. మీ విషయంలో దీనివల్ల ఒక మేలు కూడా ఉండొచ్చు: బ్రాకా మార్పు ఉన్న కొందరికి ఒలాపరిబ్ లాంటి మందులు పనికొస్తాయి. మీకు వర్తిస్తుందేమో మీ ఆంకాలజిస్టును అడగండి.

3. అంకెను మీ వయసుకు తగ్గట్టు అడగండి

ఎక్కువ మందిని కుంగదీసేది “72 శాతం” అన్న అంకె. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం బ్రాకా1 మార్పు ఉన్నవారిలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, బ్రాకా2లో 69 శాతం. అండాశయ క్యాన్సర్‌కు బ్రాకా1లో 44, బ్రాకా2లో 17.

వినగానే “నూటికి డెబ్బై, అంటే నాకు ఖాయం” అనుకుంటాం. ఆ 72 అనేది 80 ఏళ్ల జీవితం మొత్తానికి కలిపి వేసిన లెక్క. అదే అధ్యయనంలో బ్రాకా1 వారికి 30 ఏళ్లలోపు అది 4 శాతం, 40 లోపు 24 శాతం. అందుకే కౌన్సెలర్‌ను ఇలా అడగండి: “నాకిప్పుడు ఫలానా వయసు. వచ్చే ఐదేళ్లలో ఎంత, పదేళ్లలో ఎంత? స్కానులు చేయించుకుంటూ ఉంటే ఏం మారుతుంది?” మీరు ఇప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయానికి పనికొచ్చే అంకె అది. నూటికి ఇంతమంది అని బొమ్మ గీసి చూపించమనండి. రాని వాళ్లు ఎందరో కూడా అదే బొమ్మలో కనిపిస్తారు.

4. చేయి అదే పనిగా రొమ్ము మీదకు పోతుంటే

ఇది చాలామంది పైకి చెప్పుకోరు. స్నానం చేసేటప్పుడు ఒకసారి, బట్టలు మార్చుకునేటప్పుడు ఒకసారి, పడుకున్నాక దుప్పటి కింద ఇంకోసారి. వేళ్లతో నొక్కి నొక్కి చూస్తారు. అలా నొక్కినచోట సాయంత్రానికి నొప్పి పుడుతుంది, ఆ నొప్పిని చూసి మళ్లీ భయం, మళ్లీ నొక్కడం. రెండు వారాల్లో ఇదొక అలవాటుగా స్థిరపడిపోతుంది.

మానేయాలని ఒట్టు పెట్టుకుంటే లాభం ఉండదు. నెలకు ఒక రోజు ఖాయం చేసుకోండి, నెలసరి మొదలైన వారం తర్వాతి రోజైతే రొమ్ములు మెత్తగా ఉంటాయి. ఆ రోజు శ్రద్ధగా చూసుకోండి. మిగతా రోజుల్లో చేయి పైకి పోతే, “ఫలానా తారీఖున చూస్తాను” అని చేతికి ఏదైనా పని చెప్పండి. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా మాత్రం ఆ తారీఖు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. కొందరు అసలు ముట్టుకోరు, స్కాన్ తేదీ వాయిదా వేస్తూ పోతారు. పైకి ధైర్యంగా ఉన్నట్టు కనిపిస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా గమనించరు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం.

5. ఇంట్లో చెప్పడానికి ఒక వరుస

అందరికీ ఒకేసారి చెప్పొద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ముందు, పైన చెప్పిన ఆ వినగలిగిన మనిషికి. తర్వాత తోడబుట్టినవాళ్లకు, కన్నవాళ్లకు. మార్పు అమ్మ వైపుదో నాన్న వైపుదో తేలాక ఆ వైపు పిన్ని, పెద్దమ్మ, మేనమామలకు, లేదా మేనత్త, బాబాయిలకు. ఒక్కొక్కరికి విడిగా చెప్పండి.

మగవాళ్లను వదిలేయకండి. అన్నదమ్ములకు కూడా సగానికి సగం అవకాశం ఉంది. బ్రాకా2 మార్పు ఉన్న మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, రొమ్ము క్యాన్సర్ కూడా రావచ్చు. వాళ్ల కూతుళ్లకు కూడా ఆ మార్పు వెళ్లొచ్చు. “ఇది ఆడవాళ్ల గొడవ” అని తమ్ముడు ఫోన్ భార్యకు ఇచ్చేస్తే, మళ్లీ అతనికే ఇప్పించి చెప్పండి.

మాటలు దొరక్కపోతే ఈ మెసేజ్ మార్చుకుని పంపొచ్చు:

“పిన్నీ, అమ్మకు వచ్చిన జబ్బు వంశపారంపర్యమేమోనని పరీక్ష చేయించాం. బ్రాకా1 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది, నాకూ ఉంది. నాకిప్పుడు క్యాన్సర్ లేదు. అమ్మ వైపు వాళ్లకు కూడా ఇది ఉండే అవకాశం ఉంది కాబట్టి నీకు చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. రిపోర్టు కాపీ కావాలంటే పంపిస్తాను. ఈ విషయం నీ దగ్గరే ఉంచు పిన్నీ.”

ఒకసారి చెప్పండి, కాపీ ఇవ్వండి. అంతవరకే మీ పని. ఎదుటివాళ్లు విననట్టు ఊరుకుంటే వెంటపడకండి, తెలుసుకోకుండా ఉండే హక్కు వాళ్లకుంది. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ పరీక్ష చేయించరు. పిల్లలు అడిగితే వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి.

6. అమ్మకూ, అక్కచెల్లెళ్లకూ

“నా వల్లే నీకొచ్చింది” అని అమ్మ కుమిలిపోతుంది. “అలా అనకు” అని నోరు మూయిస్తే ఆ బాధ లోపలే ఉండిపోతుంది. “నువ్వు ఇచ్చింది కాదమ్మా, నీకూ ఎవరి నుంచో వచ్చిందే” అని చెప్పి, తర్వాత ఆమెకో పని అప్పజెప్పండి: అమ్మమ్మ వైపు ఎవరికి ఏ జబ్బు ఉండేదో గుర్తు చేసుకుని రాయించమనండి. అది ఆమెకు మాత్రమే తెలిసిన సంగతి.

నెగటివ్ వచ్చిన చెల్లెలు కూడా సంతోషంగా ఉండకపోవచ్చు. “అక్కకు వచ్చి నాకు రాలేదే” అన్న అపరాధ భావం పీడిస్తుంది. కొన్నాళ్లు అక్కకు ఫోన్ చేయడమే తగ్గిస్తుంది. పాజిటివ్ వచ్చిన మీరే ముందు మాట కలపండి: “నీకు రానందుకు నాకు హాయిగా ఉంది” అని నోరు తెరిచి చెప్పండి.

ఇంకో సంగతి. అమ్మకు జబ్బు వచ్చిన వయసుకు మీరు చేరువవుతుంటే భయం మళ్లీ ముదురుతుంది. అమ్మకు 38కి వచ్చి ఉంటే మీకు 37 రాగానే మొదలవుతుంది. ముందే తెలిసి ఉంటే ఆ ఏడాది కౌన్సెలర్‌ను ఇంకోసారి కలవడానికి ఏర్పాటు చేసుకోవచ్చు.

7. పెళ్లి కావలసినవాళ్లు

మధ్యవర్తికీ, బయోడేటాలోకీ ఇది ఎక్కనక్కర్లేదు. అబ్బాయితో మాటలు కలిసి, నిశ్చితార్థం దాకా వెళ్లేలోపు అతనికే నేరుగా, ఎదురుగా చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. పెద్దలు “పెళ్లయ్యాక చెప్పొచ్చులే” అంటారు. దాచిన రహస్యం మోయడం ముప్పును మోయడం కన్నా కష్టం. ప్రతి ఏడాదీ స్కాన్‌కు అబద్ధం చెప్పి వెళ్లాల్సి వస్తుంది. చెప్పేటప్పుడు నాలుగు మాటలు చాలు: నాకు జబ్బు లేదు, ముప్పు ఉంది, ఏడాదికి ఇన్ని పరీక్షలు, పిల్లలకు సగం అవకాశం.

మేనరికమైతే ఒక జాగ్రత్త. బావకూ మరదలికీ ఒకే తాత, అమ్మమ్మల నుంచి ఒకే మార్పు వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ బ్రాకా2 మార్పు ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు రెండు వైపుల నుంచీ అది చేరే అవకాశం నాలుగో వంతు. అలాంటి బిడ్డకు ఫ్యాంకోని ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. బావకు పరీక్ష చేయించాకే మాట ముందుకు సాగాలి.

8. స్కాన్ ఉన్న వారం

మార్పు ఉన్న స్త్రీలకు సాధారణంగా 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్ సూచిస్తారు. ప్రతిసారీ ఆ వారం గుండె దడ పెరుగుతుంది. ఎంఆర్ఐ నెలసరిలో 7 నుంచి 14వ రోజు మధ్య పడేలా చూసుకోండి, చిత్రం స్పష్టంగా వస్తుంది, అనవసరంగా మళ్లీ పిలవడం తగ్గుతుంది. ఫలితం ఏ రోజు, ఎవరు, ఎలా చెబుతారో స్కాన్ గదిలోకి వెళ్లకముందే అడగండి. రిపోర్టు ఫోన్‌కు వస్తే ఒంటరిగా, రాత్రిపూట తెరవకండి. మళ్లీ రమ్మని పిలిస్తే గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఎంఆర్ఐలో చిన్న చిన్న తేడాలు కూడా కనిపిస్తాయి, అలా పిలిచినవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే.

9. ఆపరేషన్ గురించి

2013 మేలో ఏంజెలీనా జోలీ తన రొమ్ములు తీయించుకున్న సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో రాసినప్పటి నుంచి, రిపోర్టు రాగానే “వెంటనే తీయించెయ్” అనే చుట్టాలు ఎక్కువయ్యారు. ఆ ఆపరేషన్ ముప్పును 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గిస్తుంది. చాలామందికి భయం కూడా తగ్గుతుంది. కానీ స్పర్శ పోతుంది, శరీరం మీద మనసు మారుతుంది. అమెరికాలో 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, తాము అడక్కుండా డాక్టరే ముందు ఆ ప్రస్తావన తెచ్చినవాళ్లలో పశ్చాత్తాపం ఎక్కువగా కనిపించింది. కాబట్టి నోటుబుక్కులో ఈ ప్రశ్నకు జవాబు రాయండి: “ఈ నిర్ణయం నాదేనా? రేపు భయం సగం తగ్గినా ఇదే కోరుకుంటానా?” నెల ఆగి మళ్లీ రాయండి. రెండు జవాబులూ ఒకటైతే సర్జన్‌ను కలవండి. ఏటా స్కానులతో సాగడం కూడా తప్పు దారేమీ కాదు.

అండాశయాల విషయం వేరు. వాటిలో వచ్చే క్యాన్సర్‌ను ముందే పసిగట్టే నమ్మకమైన స్కాన్ లేదు. అందుకే పిల్లలు చాలనుకున్నాక, బ్రాకా1లో 35–40 మధ్య, బ్రాకా2లో 40–45 మధ్య తీయించుకోమని సూచిస్తారు. ఆ తర్వాత నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది: ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, చిరాకు. ఇవి హార్మోన్ల పని అని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

తరచుగా జరిగే పొరపాట్లు

“నా కర్మ” అనుకుని తిండి, పూజ, ఉపవాసాలతో సరిపెట్టడం. పూజ మనసుకు నెమ్మది ఇస్తే చేసుకోండి, స్కాన్ మాత్రం మానొద్దు. పాలు మానేయడం, పసుపు మాత్రలు మింగడం ఈ మార్పును చెరపలేవు.

వీయూఎస్‌ను పాజిటివ్ అనుకుని చుట్టాలందరికీ పరీక్షలు చేయించడం.

భర్త మౌనంగా ఉంటే పట్టించుకోలేదనుకోవడం. చాలాసార్లు అతనికీ భయమే. కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గమనించాలి. జన్యు ఫలితాల ఆధారంగా వివక్ష చూపకూడదనే 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి రక్షణ ఇస్తుంది గానీ జీవిత బీమాకు ఇవ్వదు. పరీక్షకు ముందే ఆ సంగతి చూసుకోవాలి.

తేరుకుంటున్నారో లేదో చూసుకోవడం

రెండు వారాలకు, ఆరు వారాలకు, ఆరు నెలలకు తేదీలు రాసి పెట్టుకోండి. ఆ రోజున నాలుగు చూసుకోండి: వారంలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టింది? రోజులో ఎంతసేపు ఇదే ఆలోచన? స్కాన్ తేదీ ఖాయమైందా, వాయిదా పడిందా? ఈ విషయం కాకుండా వేరే దానికి నవ్వారా?

దాంతోపాటు కుంగుబాటును (డిప్రెషన్) అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక నింపండి. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మానసిక వైద్యుణ్ణి కలవండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించడం గురించి. దానికి “అస్సలు లేదు” తప్ప వేరే ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే 14416కు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్లండి.

ఆరు వారాలకు ఆలోచనలు తగ్గుముఖం పట్టి, స్కాన్ తేదీ ఖాయమై ఉంటే దారిలో పడ్డట్టే. ఆరు నెలలు దాటినా రోజంతా ఇదే తొలుస్తుంటే, లేదా స్కాన్ రెండుసార్లు వాయిదా వేసి ఉంటే, మీ క్యాన్సర్ ఆసుపత్రిలో సైకో ఆంకాలజిస్టు (క్యాన్సర్ వల్ల కలిగే మానసిక ఇబ్బందులు చూసే నిపుణులు) ఉన్నారేమో అడిగి అపాయింట్‌మెంటు తీసుకోండి. లేకపోతే ఏ సైకియాట్రిస్టు అయినా ఫర్వాలేదు, వెళ్లేటప్పుడు రిపోర్టు కాపీ, నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.